స్టెబిలైజర్ కాయిల్ నాలుగో వరసకే గుట్ట పడుతోందా? ముందు గైడు సంగతి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ అనుకుంటున్నాను. గుణుపురంలో నీ షాపుకి నువ్వే వైండింగ్ మిషను కట్టుకున్నావు. కుట్టుమిషను మోటారుతో బాబిన్ (వైరు చుట్టే చట్రం) తిరుగుతుంది. స్టెప్పర్ మోటారూ (లెక్కపెట్టినట్టు కొద్దికొద్దిగా తిరిగేది) లీడ్ స్క్రూ (పొడుగాటి మర కడ్డీ) కలిసి వైరు గైడును అటూ ఇటూ నడుపుతాయి. లెక్కంతా ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు చూసుకుంటుంది. స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 26 గేజి చుడుతుంటే మొదటి వరస చివర్లోనే కొన్ని చుట్లు పక్కదాని మీదికి ఎక్కుతున్నాయి, నాలుగో వరసకల్లా గోడల దగ్గర గుట్ట, మధ్యలో పల్లం. మోటారు ఎత్తుకునేటప్పుడూ ఆగేటప్పుడూ ఖాళీలు పడుతున్నాయి. అదే మిషను మీద స్టార్టర్ నో-వోల్ట్ కాయిల్‌కి (కరెంటు పోతే స్టార్టర్‌ని వదిలేసే కాయిల్) ఇంకా సన్నటి 38 గేజి పెడితే వైరే తెగిపోతోంది. చేత్తో చుట్టే మేస్త్రీకి రాని ఇబ్బంది మిషనుకి ఎందుకొస్తోంది, పెద్ద సీఎన్‌సీ మిషను కొనెయ్యాలా అని అడిగావు.

కొననక్కర్లేదు. నీకున్నవి మూడు నాలుగు వేరువేరు జబ్బులు, అన్నీ ఒకే కాయిల్ మీద కనబడుతున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది. నేను బరంపురంలో రీవైండింగ్ పని చేస్తాను. ఫ్యాన్లు, పంపు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్టార్టర్ కాయిళ్ళు అన్నీ వస్తాయి. చేతి మిషనూ ఉంది, మోటారు మిషనూ ఉంది. రెంటి మీదా నాకు తెలిసిన సంగతి చెబుతాను.

చేతి మిషను మీద చుట్టే మేస్త్రీ వేళ్ళు ఒకసారి జాగ్రత్తగా చూడు. ఆయన వైరుని ముందుకి లాక్కెళ్ళడు. ఇప్పుడు చుట్టు పడుతున్న చోటికి ఆయన వేలు కొంచెం వెనకగా ఉంటుంది. వైరు ఏటవాలుగా వెనక్కి లాగబడుతూ, ముందు పడిన చుట్టుకి ఆనుకుని కూర్చుంటుంది. దానికి అక్కడ తప్ప వేరే చోటు లేదు. అంటే వరస పేర్చేది పక్క చుట్టే. వేలు చేసే పని తగినంత వెనకగా ఉండటం, మరీ వెనకబడకుండా ఉండటం, అంతే. నీ మిషను ఈ రెండో పనిని ఒక లెక్క ప్రకారం చెయ్యాలి. నువ్వేమో గైడే ఒక్కో చుట్టునీ దాని స్థానంలో పెడుతుందని అనుకుని ప్రోగ్రామ్ రాశావు. అక్కడే పేచీ వచ్చింది.

ముందు అడుగు కొలత, అంటే బాబిన్ ఒక్కసారి తిరిగితే గైడు ఎంత జరగాలన్నది. నువ్వు 0.457 మి.మీ. పెట్టానన్నావు. గేజి పట్టికలో 26కి ఉన్న అంకె అదే, కానీ అది లోపలి రాగి మందం. దాని మీద ఎనామెల్ పూత ఉంటుంది. డబుల్ కోటింగ్ వైరైతే బయటి కొలత 0.51 దగ్గరికి వస్తుంది. ఎనామెల్ వైర్లకి మన దేశంలో ఐఎస్ 13730 అనే స్టాండర్డు ఉంది. అందులో ఒకే రాగి మందానికి పూతను బట్టి గ్రేడులు ఉంటాయి, గ్రేడు మారితే బయటి కొలతా మారుతుంది. కాబట్టి పట్టిక చూసి అంకె వెయ్యకు. నున్నటి సన్న కడ్డీ మీద ఖాళీ లేకుండా 20 చుట్లు చేత్తో చుట్టు, గోరుతో నెట్టి దగ్గరికి జరుపు, ఆ పొడవుని వెర్నియర్‌తో కొలిచి 20తో భాగించు. 10.2 మి.మీ. వస్తే ఒక్కో చుట్టుకి 0.51. స్క్రూ గేజితో ఒకే పోగుని కొలిస్తే ఇంతకంటే కొంచెం తక్కువ వస్తుంది. చుట్టేటప్పుడు వైరుకి ఉండే చిన్న చిన్న వంకర్లు అందులో లెక్కకి రావు. నాకు పనికొచ్చేది చుట్టి కొలిచిన అంకె. కొత్త వైరు స్పూలు విప్పిన ప్రతిసారీ ఇది చెయ్యి. విశాఖ నుంచి వచ్చిన స్పూలుకీ, ఇక్కడి కొట్లో తెచ్చిన స్పూలుకీ ఒకే గేజిలో తేడా ఉంటుంది.

ఇప్పుడు నీ తప్పుడు అడుగు ఏం చేసిందో చూడు. నీ బాబిన్ లోపలి వెడల్పు 40 మి.మీ. అనుకుందాం. 0.457తో భాగిస్తే 87 చుట్లు పట్టాలి. నిజంగా పట్టేది 78. గైడు తన 40 మి.మీ. పూర్తి చెయ్యడానికి 87 చుట్లు తీసుకుంటుంది, ఈలోగా చోటు 78కే అయిపోతుంది. మిగిలిన తొమ్మిది చుట్లు ఎక్కడికి పోతాయి? గోడ దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. లేదా గైడు మరీ వెనకబడిపోయి, ఏటవాలు ఎక్కువై, మధ్యలోనే వైరు పక్క చుట్టు మీదికి దూకుతుంది. ఇవతలి గోడ దగ్గరా ఇదే, అవతలి గోడ దగ్గరా ఇదే. నాలుగు వరసలకి రెండు వైపులా గుట్ట, మధ్యలో పల్లం. నువ్వు చూసింది అదే.

అడుగు సరిచేశాక కూడా దాన్ని అచ్చం 0.51 పెట్టను. ఒక శాతం ఎక్కువ, 0.515 పెడతాను. ఎందుకో చెప్పాలంటే గైడు వెనక ఎంత ఉండాలన్న సంగతికి రావాలి.

గైడు కొస నుంచి బాబిన్ దాకా నీ మిషను మీద 100 మి.మీ. దూరం ఉందనుకో. వరస మొదలయ్యేటప్పుడు గైడు, వైరు పడే చోటికి 2 మి.మీ. వెనక ఉండాలి. అంటే ఏటవాలు ఒక డిగ్రీకి కాస్త పైన. ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీల మధ్య నాకు బాగా కుదురుతుంది. రెండు దాటితే వైరు ఎక్కడం మొదలెడుతుంది, ముఖ్యంగా నున్నటి పూత ఉన్న వైరు. అడుగు అసలుకంటే కొంచెం తక్కువైతే ఈ 2 మి.మీ. వరస పొడుగునా పెరుగుతూ పోయి చివర్లో ఎక్కుడు పడుతుంది. ఒక శాతం ఎక్కువైతే 78 చుట్లకి 0.4 మి.మీ. తగ్గి 1.6 దగ్గర ఆగుతుంది. ఇంకా వెనకే ఉంది కాబట్టి ఖాళీ పడదు. వైరు మందం అక్కడక్కడా కొంచెం మారినా ఈ రెంటి మధ్యలోనే సర్దుకుంటుంది. ఐదు శాతం ఎక్కువ పెట్టేవాళ్ళని చూశాను. అప్పుడు 78 చుట్లలో గైడు 2 మి.మీ. మేర ముందుకొచ్చి వైరుని అందుకుంటుంది, వెనకబాటు మిగలక చివరి చుట్లు దువ్వెన పళ్ళలా విడివిడిగా పడటం మొదలెడతాయి.

గైడుని బాబిన్‌కి ఆనించినట్టు 10 మి.మీ. దగ్గర పెడితే ఈ గొడవంతా ఉండదు కదా అని అడుగుతావేమో. ఉండదు, కానీ అప్పుడు వైరుకి తనంతట తాను సర్దుకునే స్వేచ్ఛా ఉండదు. స్క్రూలో ఉన్న ప్రతి తప్పూ, నట్టులో ఉన్న ప్రతి లూజూ అచ్చు గుద్దినట్టు కాయిల్ మీద పడుతుంది. ఖరీదైన మిషన్లకి అది సరిపోతుంది, మనవాటికి కాదు. మరీ 300 మి.మీ. దూరం పెట్టినా ఇబ్బందే. గైడు వెనక్కి తిరిగిన సంగతి వైరుకి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. నీ వెడల్పు బాబిన్‌కి 80 నుంచి 120 మధ్య పెట్టుకో.

అసలు కష్టమంతా గోడ దగ్గర ఉంది. నువ్వు పెట్టిన ఫోటోలో కూడా గుట్ట ఎక్కువగా గోడ దగ్గరే ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చదువు.

వరస చివర వైరు 40వ మి.మీ. దగ్గర గోడని తాకింది. గైడు ఇంకా 38.4 దగ్గర ఉంది. ఇప్పుడు వెనక్కి తిరగాలి. తిరుగు వరసలో కూడా గైడు వెనకే ఉండాలి కదా, అంటే ఈసారి వైరుకి గోడవైపు ఉండాలి. ఇప్పుడున్న వైపు పూర్తిగా తప్పు. ఇక్కడే గైడుని వెనక్కి తిప్పేస్తే అది వైరుకి ముందు ముందు పరిగెడుతుంది, రెండో వరస మొదటి నుంచీ లాగబడి ఖాళీలతో పడుతుంది. మూడో వరస వైరు ఆ ఖాళీల్లోకి దిగుతుంది. అక్కడి నుంచి ఇక ఏదీ సమంగా ఉండదు. అలాగని అదే అడుగుతో 38.4 నుంచి 40 దాకా నడిపించి అప్పుడు తిప్పితే, ఆ మూడు చుట్లూ గోడ దగ్గర పోగు పడతాయి.

నేను చేసేది ఇది. వరసలో ఆఖరి చుట్టు పడుతుండగా, ఆ ఒక్క చుట్టులోనే గైడుని గబుక్కున గోడ గీత దాకా జరుపు. అక్కడ నాలుగు చుట్లు కదలకుండా ఆపు. వైరు గోడ దగ్గర పైకెక్కి, వెనక్కి ఒక్కో చుట్టూ వేసుకుంటూ వస్తుంది. గైడు గోడ దగ్గరే ఉంది కాబట్టి ప్రతి చుట్టూ గోడవైపు లాగబడి దగ్గరగా పడుతుంది. నాలుగు చుట్లకి వైరు 2 మి.మీ. వచ్చేస్తుంది, మనకి కావలసిన వెనకబాటు మళ్ళీ సరిగ్గా ఏర్పడుతుంది. అప్పుడు గైడుని మామూలు అడుగుతో కదిలించు. చేతి మేస్త్రీ గోడ దగ్గర వేలుని ఇటు నుంచి అటు మార్చి కాసేపు అలాగే పట్టుకుంటాడే, అదే ఇది. గైడుని గోడ దాటించి అవతలికి మాత్రం పంపకు. వైరు గోడ అంచుకి రాసుకుని ఎనామెల్ గీరుకుపోతుంది.

గైడుని ఎప్పుడు తిప్పాలన్నది కూడా చుట్ల లెక్కతో తేల్చుకో, లిమిట్ స్విచ్‌తో (గైడు వచ్చి తగిలితే నొక్కుకునే స్విచ్) వద్దు. స్విచ్ గైడుని చూస్తుంది, వైరుని చూడదు. వరసకి 78 అంటే 78వ చుట్టులో తిరగాలి.

ఇంకో మాట. 78 చుట్లకి 39.8 మి.మీ. పోతుంది, 0.2 మిగులుతుంది. ఇలా మిగిలేది వైరు మందంలో సగం లోపు ఉంటే ఫరవాలేదు, సుమారు సగం ఉంటే ఇంకా మంచిది. అప్పుడు రెండో వరస సగం చుట్టు పక్కకి జరిగి, కింది చుట్ల మధ్య గాడుల్లో కుదురుగా కూర్చుంటుంది, దానిలోనూ అన్నే చుట్లు పడతాయి. సగం కంటే బాగా ఎక్కువ మిగిలితే పై వరస చివరి చుట్టు ఆ సందులోకి జారిపోతుంది. అప్పుడు గోడకి లోపల సన్నటి లెదరాయిడ్ (ఇన్సులేషన్ అట్ట) పట్టీ ఒకటి దూర్చి వెడల్పు తగ్గించు. గాడుల్లో కూర్చున్న కాయిల్‌లో చోటు కూడా కలిసొస్తుంది. 0.51 వైరు పది వరసలు ఒకదాని నెత్తిన ఒకటి నిలబడితే 5.1 మి.మీ. ఎత్తు, గాడుల్లో పడితే దాదాపు 4.5. కోర్ ఇనప పట్టీలు దూర్చేటప్పుడు ఆ అర మిల్లీమీటరే నిన్ను కాపాడుతుంది.

అయితే గాడిలో కూర్చోవడం చుట్టూరా జరగదు. కింది వరస చుట్లు ఒక వైపు వాలి ఉంటే పైవి రెండో వైపు వాలతాయి కాబట్టి ఎక్కడో ఒకచోట పైవైరు కిందివైరుని దాటి తీరాలి. దాటిన చోట కొంచెం ఉబ్బు. గుండ్రటి బాబిన్‌లో అది ఎక్కడ వచ్చినా ఒకటే. నీది పలకల బాబిన్. దాని నాలుగు వైపుల్లో రెండు కోర్ కిటికీలోకి (ఇనప పట్టీల మధ్య ఖాళీలోకి) పోతాయి, అక్కడ చోటు ఇరుకు. మిగతా రెండూ బయటే ఉంటాయి. దాటుళ్ళు బయటి వైపున పడేలా చేస్తే కిటికీలో పట్టు బాగుంటుంది. నీకు ఎన్‌కోడర్ (బాబిన్ ఎంత తిరిగిందో పల్సులుగా లెక్కపెట్టే పరికరం, కింద చెబుతాను) పెట్టాక ఇది సులువు. ఒక్కో చుట్టుకి గైడు నిరంతరం జరిగే బదులు, బయటి వైపు వైరు పడే పావు చుట్టులోనే మొత్తం అడుగు జరపాలి, మిగతా ముప్పావు నిలకడగా ఉండాలి. ముందు మామూలు పద్ధతి కుదిరాక దీని జోలికి వెళ్ళు.

మొదలూ చివరా వచ్చే ఖాళీలు ప్రోగ్రామ్ జబ్బు. నువ్వు పంపిన కోడ్‌లో స్పిండిల్ (బాబిన్‌ని తిప్పే కడ్డీ) నిమిషానికి ఇన్ని చుట్లు అనుకుని, దానికి తగ్గట్టు స్టెప్పర్‌కి సెకనుకి ఇన్ని స్టెప్పులు అని ఇచ్చావు. కుట్టుమిషను మోటారు అలా మాట వినదు. పెడల్ నొక్కితే మెల్లగా ఎత్తుకుంటుంది, టెన్షన్ పెరిగితే నెమ్మదిస్తుంది, మన ఊళ్ళలో సాయంత్రం వోల్టేజి పడిపోతే ఇంకా నెమ్మదిస్తుంది. గైడు మాత్రం తన పాటికి తాను పోతూనే ఉంటుంది. గైడుకి గడియారంతో సంబంధం ఉండకూడదు, స్పిండిల్‌తోనే ఉండాలి. పాత మిషన్లలో పళ్ళ చక్రాలు ఈ పని చేసేవి. స్పిండిల్ ఆగితే గైడూ ఆగేది, వేరే దారి లేదు.

నువ్వు స్పిండిల్‌కి ఎన్‌కోడర్ బిగించు. చుట్టుకి 600 పల్సులదైతే, రెండు లైన్లూ చదివితే 2400 లెక్కలొస్తాయి. నీ లీడ్ స్క్రూ ఒక చుట్టుకి 8 మి.మీ. జరిగేది అన్నావు. స్టెప్పర్ చుట్టుకి 200 స్టెప్పులది, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డుని పదహారో వంతు మీద పెడితే చుట్టుకి 3200. అంటే ఒక్కో స్టెప్పు 0.0025 మి.మీ. మనకి కావలసిన 0.515కి 206 స్టెప్పులు. ఇప్పుడు 2400 లెక్కలకి 206 స్టెప్పులు సమంగా పంచాలి. 206ని 2400తో భాగించి 0.0858 అని రాసుకుని, దాన్ని 0.08 అని కురచ చేసి వాడితే అడుగు 0.48కి పడిపోతుంది, మళ్ళీ మొదటి జబ్బే. భాగహారం పెట్టుకోకు. ఒక డబ్బా లాంటి వేరియబుల్ పెట్టు. ఎన్‌కోడర్ నుంచి లెక్క వచ్చినప్పుడల్లా దానిలో 206 కలుపు. 2400 చేరినా దాటినా ఒక స్టెప్పు వేయించి 2400 తీసెయ్యి. మిగిలింది డబ్బాలోనే ఉంచు, సున్నా చెయ్యకు. ఇలా చేస్తే వెయ్యి చుట్లయినా ఒక్క స్టెప్పు కూడా తప్పిపోదు. దశాంశాలు లేవు కాబట్టి చిన్న బోర్డుకి బరువూ ఉండదు. స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పి చూడు, గైడు దానితోపాటు కదలాలి. వెనక్కి తిప్పితే వెనక్కి రావాలి. చుట్టు విప్పాల్సి వచ్చినప్పుడు ఈ సుఖం తెలుస్తుంది.

తర్వాత నట్టు లూజు. ఆ 8 మి.మీ. స్క్రూతో వచ్చే ఇత్తడి నట్టులో దిశ మారినప్పుడు కొంత ఖాళీ కదలిక ఉంటుంది. గైడు పక్కన వెర్నియర్ లోతు కడ్డీయో డయల్ గేజో ఆనించి, ఒక వైపు నడిపి, వెనక్కి తిప్పి ఎన్ని స్టెప్పుల తర్వాత ముల్లు కదిలిందో చూడు. 0.2 మి.మీ. ఉంటే 80 స్టెప్పులు. ఆ 80ని ప్రతి తిరుగుడు దగ్గరా అదనంగా వేయించొచ్చు, లేదా స్ప్రింగుతో వచ్చే జంట నట్టు వేసుకోవచ్చు. జంట నట్టే మేలు. మామూలు నట్టు అరిగేకొద్దీ లూజు పెరుగుతుంది, నీ 80 అలాగే ఉంటుంది.

ఇక తెగిపోయే సంగతి. మెత్తటి రాగి వైరు చదరపు మిల్లీమీటరుకి సుమారు 22 కిలోల లాగుడుకి తెగుతుంది. 26 గేజికి అడ్డకోత 0.164 చ.మి.మీ., అంటే మూడున్నర కిలోల దాకా ఓర్చుకుంటుంది. 38 గేజి మందం 0.152, అడ్డకోత 0.018. అది 400 గ్రాములకే తెగుతుంది. చుట్టేటప్పుడు టెన్షన్ తెగే బరువులో ఆరో వంతు దగ్గర ఉంచుతాను. 26కి 500 నుంచి 600 గ్రాములు, 38కి 60 నుంచి 70. నువ్వు రెంటికీ అదే ఫెల్టు బిగింపు (వైరుని ఉన్ని ముక్కల మధ్య నొక్కేది) వాడుతున్నావు. బిగింపు మార్చినా నీ కష్టం తీరదు, ఎందుకంటే స్పూలు తిరిగేలా పెట్టావు. నాలుగైదు కిలోల స్పూలుని కదల్చడానికి ఆ సన్నపోగు మీద పడే మొదటి కుదుపే 400 గ్రాములు దాటిపోతుంది. మోటారు ఆపాక స్పూలు తన జోరులో తాను తిరుగుతూ వైరు వదిలేస్తుంది, మళ్ళీ మొదలెట్టగానే ఆ వదులంతా ఒక్కసారి బిగుసుకుంటుంది. తెగేది అప్పుడే.

బరంపురంలో పట్టు నేసే మగ్గం దగ్గర నాడెలోని కండెను చూడు. నాడె అటూ ఇటూ విసురుగా పరిగెడుతున్నా కండె తిరగదు, దారం దాని కొస మీదుగా జారి వస్తుంది. అంత సన్నటి పట్టుపోగు తెగకుండా నిలవడానికి అదీ ఒక కారణమే. నీ స్పూలునీ అలాగే నిలబెట్టు. కింద కదలకుండా కూర్చోబెట్టి, దాని నడినెత్తిన ఒక అడుగు ఎత్తులో పింగాణీ కన్ను (వైరు దూరే నున్నటి రింగు) ఒకటి బిగించి, వైరుని పైకి లాగు. స్పూలు అంచు గరుకుగా ఉంటే నున్నటి ప్లాస్టిక్ టోపీ లాంటిది తొడుగు. సన్న వైరుకి ఇదే పద్ధతి. లావు వైరుకి మాత్రం తిరిగే స్పూలే వాడతాను. నిలబెట్టిన స్పూలు నుంచి ప్రతి చుట్టుకీ వైరులో ఒక మెలి పడుతుంది, 20 గేజి లాంటివి ఆ మెలితో మొండికేసి వరసలో కూర్చోవు.

కన్ను తర్వాత ఫెల్టు, దాని తర్వాత స్ప్రింగు చెయ్యి. ఈ చెయ్యి లేకుండా పలకల బాబిన్ చుట్టకు. పలకల బాబిన్ ఒక్కసారి తిరిగితే వైరు వేగం నాలుగుసార్లు పెరిగి తగ్గుతుంది, మూల వచ్చినప్పుడల్లా గుంజుతుంది. సన్నటి స్ప్రింగు తీగకి చివర చిన్న కప్పీ తగిలించి వైరుని దాని మీదుగా పంపితే ఆ గుంజుడంతా అది మింగేస్తుంది. అది ఎగిరెగిరి పడుతుంటే స్పీడు ఎక్కువైనట్టు. కప్పీ ఏదైనా మరీ చిన్నది వద్దు. వైరుని పదునుగా వంచి మళ్ళీ సాఫు చేస్తే రాగి గట్టిపడి కాయిల్ మీద సరిగా కూర్చోదు. ఫెల్టుని అప్పుడప్పుడూ జరుపుతూ ఉండు. ఒకేచోట రాసుకుంటే గాడి పడి, రాలిన ఎనామెల్ పొడి అందులో చేరి, అదే ఉప్పుకాగితంలా పని చేస్తుంది. టెన్షన్ కొలవడానికి ప్రత్యేక మీటరు అక్కర్లేదు. గైడు దాటి వచ్చిన వైరు కొసని చిన్న స్ప్రింగు కాటాకి కట్టి, నువ్వు చుట్టే వేగంతో లాగి చూడు.

టెన్షన్ ఎక్కువైతే తెగకపోయినా సాగుతుంది. సాగితే సన్నబడుతుంది, నీ 0.51 తప్పిపోతుంది, రెసిస్టెన్సూ పెరుగుతుంది. పొడవు ఒక శాతం సాగితే రెసిస్టెన్సు రెండు శాతం పెరుగుతుంది. 26 గేజి రాగికి మీటరుకి 0.105 ఓము, 20 డిగ్రీల దగ్గర. చుట్టిన పొడవుకి లెక్క కట్టి చూడు. చూసేటప్పుడు వేడిని మరిచిపోకు. డిగ్రీకి 0.39 శాతం చొప్పున రాగి రెసిస్టెన్సు మారుతుంది. మే నెలలో పొద్దున్న 27 డిగ్రీల దగ్గర కొలిచిన కాయిలే రేకుల షెడ్డులో మధ్యాహ్నం 42 దగ్గర ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది. వైరు సాగిపోయిందని కంగారు పడకు. ఆరు శాతం కాదు, ఒకటిన్నర రెట్లకి పైగా చూపిస్తే అది వేరే కథ, రాగి పేరుతో నీకు అల్యూమినియం అంటగట్టారు. 26 గేజి రాగి వంద మీటర్లు తూచితే పూత లేకుండానే 146 గ్రాములు ఉండాలి. పైన రాగి పూసిన అల్యూమినియం దానిలో సగం కూడా తూగదు. దాని మీద రాగి టెన్షన్ పెడితే తెగుతుంది కూడా.

వరస చెడితే చూడటానికి బాగుండకపోవడమే కాదు, కాలేది కూడా అక్కడే. నీ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టుకి 4 చుట్లు అనుకో. వరుసగా ఉన్న రెండు వరసల మధ్య, దూరంగా ఉన్న కొస దగ్గర, 156 చుట్ల తేడా ఉంటుంది, అంటే 39 వోల్టులు. పూత మంచిదైతే అది పెద్ద లెక్క కాదు. నాలుగో వరస చుట్టు గోడ పక్కన జారి మొదటి వరస మీద పడితే అక్కడ తేడా 39 నుంచి 78 దాకా పోతుంది. పైగా ఆ జారిన చుట్టు మీద పై వరసల ఒత్తిడంతా పడుతుంది, ఎనామెల్ అక్కడే పగులుతుంది. అందుకే రెండు వరసలకోసారి సన్నటి మిలినెక్స్ పేపరు (ఇన్సులేషన్‌కి వాడే పాలియెస్టర్ షీటు) వెయ్యమంటాను. బాబిన్ వెడల్పు కంటే 2 మి.మీ. ఎక్కువ కత్తిరించి, అంచుల్లో చిన్న గాట్లు పెట్టి, గోడకి ఆనించి పైకి మడిచి వెయ్యి. జారే దారి మూసుకుపోతుంది. పేపరు మీద మళ్ళీ చదునైన నేల దొరుకుతుంది కాబట్టి అప్పటిదాకా చేరిన వంకరలూ అక్కడితో ఆగిపోతాయి. చోటు ఉంటే ప్రతి వరసకీ వెయ్యి. 38 గేజి నో-వోల్ట్ కాయిల్‌కి చోటూ ఉండదు, అన్ని వేల చుట్లకి ఓపికా ఉండదు. దానిలో వరసలు అచ్చంగా కుదరాలన్న పట్టింపు వదిలెయ్. గుట్టలు లేకుండా, టెన్షన్ ఒకేలా ఉండి, గోడ దగ్గర జారకుండా ఉంటే చాలు. దానికి అడుగుని బయటి కొలత మీద పది శాతం పెంచి వదులుగా నడుపు, గోడ దగ్గర ఆపుడు ఒక్క చుట్టుకి తగ్గించు.

చిన్న విషయాలు రెండు. బాబిన్ లోపల చెక్కముక్క గట్టిగా దిగేలా చేసుకో. రెండు వైపులా హైలం షీటు (గట్టి ఇన్సులేషన్ పలక) ముక్కలు పెట్టి బిగించు. ప్లాస్టిక్ గోడలు వరసలు పెరిగేకొద్దీ బయటికి వాలిపోతాయి, 40 మి.మీ. కాస్తా పైన 41 అవుతుంది, నీ 78 లెక్క పోతుంది. రెండోది, మొదలు కొసకి స్లీవు (సన్న ఇన్సులేషన్ గొట్టం) తొడిగి గోడ గాట్లోంచి నిటారుగా బయటికి తియ్యి. అది మొదటి వరస కింద అడ్డంగా పడుకుంటే ఆ ఉబ్బు ఆఖరి వరస దాకా కనబడుతుంది.

కాబట్టి ఇప్పుడు కొనాల్సింది ఎన్‌కోడర్, జంట నట్టు, రెండు పింగాణీ కన్నులు. ఒకే రకం కాయిల్‌కి నెలనెలా వందల్లో ఆర్డరు వచ్చే రోజున పెద్ద మిషను సంగతి ఆలోచించు. ఆ ఆర్డర్లు లేకుండా కొంటే ఫ్యాన్ రీవైండింగ్ డబ్బులతో దాని వాయిదాలు కట్టాల్సి వస్తుంది. ముందు 26 గేజితో నాలుగు వరసలు మాత్రం చుట్టి, పేపరు వెయ్యకుండా, ప్రతి గోడ దగ్గరా దగ్గరి నుంచి తీసిన ఫోటో పెట్టు. స్టార్టర్ కాయిల్ ఎన్ని వోల్టులదో, దాని బాబిన్ లోపలి వెడల్పూ లోతూ ఎంతో కూడా రాయి, చుట్ల లెక్క కలిసి చూద్దాం.